గట్టు చేనులో ద్రాక్ష

అడిలైడ్, దక్షిణ ఆస్ట్రేలియా
20-2-1955

అక్కా, నీ తమ్ముడు నరసింహ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఓడలో మొదట్లో కడుపులో ఏదీ నిలవలేదు, తర్వాత అలవాటైంది. నువ్వు మూట కట్టిన కొర్రబియ్యం రేవులోనే ఆపేశారు. బయటి గింజ ఒక్కటి కూడా ఈ దేశంలోకి రానివ్వరట. కారప్పొడి డబ్బా మాత్రం అధికారి మూత తీసి వాసన చూసి, తుమ్మి, తిరిగి ఇచ్చేశాడు.

కర్నూలు వ్యవసాయశాఖలో కాగితాల మధ్య కూర్చున్న నన్ను కొలంబో ప్రణాళిక కింద ఏరి, ద్రాక్ష సాగు నేర్చుకు రమ్మని పంపితే ఎందుకో అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. కాలేజీవాళ్లు నన్ను ఊరికి దక్షిణాన ఒక ముసలి రైతు ఇంట్లో పెట్టారు. ఇక్కడ ఫిబ్రవరి మండువేసవి. నెలల తరబడి చినుకు లేదు. కొండలన్నీ మన ఓర్వకల్లు రాళ్లగుట్టల్లాగే ఎండి, ఎండు జొన్నచొప్ప రంగులో ఉన్నాయి. ఆ వాలు మీద ద్రాక్ష! పందిరి లేదు, కాలువ లేదు, బావి లేదు. మోకాలెత్తు మొద్దులు, వాటికి నల్లటి గుత్తులు. నీళ్లెప్పుడు పెడతారని అడిగితే ముసలాయన నవ్వాడు. ఆయన తాత కాలం నుంచీ ఒక్క చెంబు కూడా పోయలేదట.

నాకు గుట్ట వాలు మీది మన గట్టు చేను గుర్తొచ్చింది. ఏటా ఉలవలు చల్లి, చల్లినన్ని కూడా తిరిగి రాక నువ్వు తిట్టుకునే ఆ గరుసు నేల. ఇదీ అలాంటిదే అక్కా.

తోట చివర నిలబడితే కింద సముద్రం. ఒక కంటికి కొండ, ఒక కంటికి నీళ్లు. ఇంత అందం ఒకచోట ఉంటుందని నాకు తెలియదు.

నరసింహ


ఓర్వకల్లు
25-3-1955

నరసింహకు అక్క ఓబులమ్మ దీవించి రాయడం.

నీ జాబు సోమక్క అరుగు మీద కూర్చుని నలుగురికీ చదివి వినిపించాను. ఏసన్న రెండోసారి చదివించుకున్నాడు. మన నాయన బావిని తవ్వినవాడు, ఆ బావిలో నీకు ఈత నేర్పినవాడు, వినడానికి అందరికంటే హక్కు తనకే ఉన్నట్టు ముందుకొచ్చి కూర్చున్నాడు. అంతా విని ఒక మాట అడిగాడు. "అన్ని నీళ్లుండాయి, ఒక్క గుక్క తాగేదానికి పనికిరావంట గదా. మరి దేవుడు అంత బాయి ఎందుకు తవ్వినాడో నరసింహప్పను అడుగమ్మా." నవ్వు ఆపుకోలేకపోయాము.

నీ జాబు చదివినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. మీ బావ పోయిన తర్వాత ఈ సేద్యమంతా నా తల మీద పడి, ప్రతి ఏడూ ఆ గట్టు చేను దగ్గరే ఓడిపోతున్నాను. నీళ్లు అడగని పంట ఉందని నువ్వు రాస్తే, మరెవరైనా అయితే నమ్మకపోదును.

మూడు సంగతులు రాయి. ఆ చెట్టు వేరు ఎంత లోతుకు పోతుంది? కింద రాయి ఉన్నా పోతుందా? అక్కడ వాన ఏ నెలల్లో? సముద్రం సంగతి తర్వాత రాసినా ఫరవాలేదు.

పోయినేడు చలిగాలికి నీకు దగ్గు వచ్చింది గదా. అక్కడ చలికాలం ఉంటే ఛాతీకి నూనె రాసుకో.

ఓబులమ్మ


అడిలైడ్
2-6-1955

అక్కా,

నీ జాబు అందింది. ఏసన్న ప్రశ్నను మా ముసలి రైతుకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, చేపల కోసమై ఉంటుందన్నాడు. ఏసన్నకు అలాగే చెప్పు.

పోయిన నెల ద్రాక్షకోత అయిపోయాక దక్షిణంగా కొండలు దాటి వెళ్లాము. సాయంకాలం ఒక లోయలోకి దిగేసరికి కంగారూలు మేస్తున్నాయి. మన ఎద్దంత ఎత్తు లేచి నిలబడి, చేతులు ముందుకు ముడుచుకుని, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనుషుల్లా మమ్మల్ని చూశాయి. ఒకదాని పొట్టసంచిలోంచి పిల్ల తల బయటపెట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను. అవి గెంతుకుంటూ పోతే నేల అదిరింది. ఇంకా దక్షిణానికి పోతే పెంగ్విన్లు, సీల్ జంతువులు కూడా ఉంటాయట. ఎలాగైనా చూడాలి.

ఇంటి వెనక తీగ వేయాలని నీకు మనసైనట్టుంది. వేయి, పందిరి నీడకైనా పనికొస్తుంది. నీ ప్రశ్నలకు తీరిగ్గా వివరంగా రాస్తాను. ఇప్పుడు పరీక్షలు దగ్గరకొచ్చాయి.

నరసింహ


ఓర్వకల్లు
10-9-1955

నరసింహకు అక్క దీవెనలు.

పాత కర్నూలులో నవాబుల కాలంనాటి తోట ఒకటుందని సోమక్క తమ్ముడు చెబితే పోయాను. గోడలు కూలిపోయాయి, ద్రాక్షతీగ మాత్రం ఉంది. ఇంటి బీబీ ముసలామె. మా సంగతి విని, "అంగూరు కొమ్మలకు ఇంత దూరం ఎండలో వచ్చినావా బిడ్డా" అని కూర్చోబెట్టి షర్బత్తు ఇచ్చింది. కొమ్మలు తనే నిలబడి కోయించింది.

తొలకరికి నాటాము. వానలు ఈ ఏడు చల్లగా చూశాయి. నాటినవాటిలో చాలావరకు చిగురు వేశాయి. పొద్దున పోయి ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి చూసి వస్తున్నాను. ఏసన్న భార్య ఈరక్క నన్ను చూసి, "ఏమమ్మా, బాలింతను చూసినట్ల చూస్తాండావు" అని నవ్వుతుంది. ఆమే నాటింది సగం మొక్కలు.

నా ప్రశ్నలకు నువ్వు జవాబు రాయలేదు. అవి పెద్ద సంగతులు కావు గనకనే రాయలేదని అనుకున్నాను.

ఓబులమ్మ


అడిలైడ్
12-12-1955

అక్కా,

నీ పందిరి చిగురించినందుకు సంతోషం. నేను వచ్చేసరికి దాని కింద మంచం వేసి ఉంచు.

ఒక సంగతి అడగాలి. ఇంకో ఏడాది ఉండి పై చదువు పూర్తి చేయమని కాలేజీవాళ్లు అంటున్నారు. మన శాఖ కూడా ఒప్పుకుంది. నాకు ఉండాలని ఉంది. అయితే నువ్వు ఒంటరిగా ఇబ్బంది పడుతున్నట్టయితే మార్చిలోనే ఓడ ఎక్కుతాను. దాచకుండా రాయి.

నరసింహ


ఓర్వకల్లు
8-1-1956

నరసింహకు,

ఉండు నాయనా. చదువు సగంలో వదిలి వచ్చావన్న మాట నీకు వద్దు, నాకు వద్దు. ఇక్కడ అంతా బాగుంది.

నీకు చూపించి చెబుదామనుకున్నాను గానీ, నువ్వు రావడం ఆలస్యం గనక రాస్తున్నాను. నేను వేసింది పందిరి కాదు. గట్టు చేను మొత్తం వేశాను. అడుగున ఉన్న చింతచెట్లు కొట్టించి, రాళ్లు ఏరించి, పైదాకా నాటించాను. నువ్వు వచ్చి మీ పెద్ద అధికారులను పిలిచి ఆ చేను చూపిస్తావు, వాళ్లు నిన్ను ఈ జిల్లాలోనే ఉంచుతారు, ఇదీ నా లెక్క.

దీపావళి నుంచి నువ్వు మొదటి జాబులో రాసినట్టే నీళ్లు ఆపేశాను. ఆకులు రాలుతున్నాయి. అక్కడ కూడా రాలి మళ్లీ వేస్తాయి గదా?

ఓబులమ్మ


అడిలైడ్
3-2-1956

అక్కా,

నీ జాబు ఇప్పుడే అందింది. వెంటనే నీళ్లు పోయించు.

నేను ముందే రాయవలసింది. ఇక్కడ వాన చలికాలంలో నెలల తరబడి మెల్లగా పడుతుంది. పైన గరుసులా కనిపించినా కింద లోతైన బంకమట్టి ఆ తేమను వేసవిదాకా పట్టి ఉంచుతుంది. నేను చూసిన మొద్దులు మన తాతల వయసువి, వేర్లు ఎప్పుడో కిందికి దిగిపోయాయి. లేత మొక్కలకు ఇక్కడ కూడా నీళ్లు పోస్తారు. మన గట్టు కింద అంతా ఒకటే పరుపు రాయి, వేరు దిగదు. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు లేకుంటే ఒక్కటీ బతకదు. ఎలాగైనా నీళ్ల దారి చూడు.

మార్చి నెలలో నేను తోటల పర్యటనకు బయలుదేరుతున్నాను, ఆ తర్వాత సెలవులు. నువ్వు మాత్రం కాలేజీ చిరునామాకే రాస్తూ ఉండు.

నరసింహ


ఓర్వకల్లు
20-3-1956

నరసింహకు,

గట్టు పక్క పారే వంక ఎండిపోయింది. నాయన బావి నుంచి బండి మీద పీపాలు తెచ్చి, అక్కడి నుంచి కడవలతో గట్టు ఎక్కుతున్నాము. నేను, ఈరక్క, ఇంకో ఇద్దరు. పైవరసలకు చేరేసరికి కిందివి వాడిపోతున్నాయి. చింతచెట్లు ఉంటే కాసింత నీడకైనా కూర్చునేవాళ్లం.

గట్టు మొదట్లో బావి తవ్వితే జల పడుతుందని ఏసన్న అంటున్నాడు. పరుపు రాయి గనక మందు పెట్టి పేల్చాలి. ఆయనకు వయసు మీద పడింది. నాకు మనసొప్పడం లేదు. అడిగితే, "నరసింహప్ప రాసినాడు గదా నీళ్లు చూడమని. ఆయప్ప వచ్చేలోగా బాయి నిండుండాల" అంటాడు. ఆయనకు పట్టుదల పెరిగింది.

తవ్వించమంటావా, మానమంటావా? నువ్వు చదువుకున్నవాడివి, రెండు నేలలూ చూసినవాడివి. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఒక్క మాట రాసినా చాలు. తొందరగా రాయి.

ఓబులమ్మ


దక్షిణ తీరం నుంచి
27-4-1956

అక్కా,

తోటల పర్యటన ముగిసింది. ఇది పూర్తిగా నా సొంత సెలవు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. కొండలు నీళ్లదాకా దిగి వచ్చి ఆగిపోయాయి, ఆఖరి ద్రాక్ష వరసకు అలల తుంపర తగులుతుంది. ఎదురుగా ఒక దీవి, దానికి చెక్క వంతెన. దీవి నిండా గుండ్రటి రాళ్లు, మన ఓర్వకల్లు రాళ్లను ఎవరో తెచ్చి ఉప్పునీటిలో కడిగి పెట్టినట్టు. పొద్దు వాలాక పెంగ్విన్లు ఒడ్డుకు వస్తాయి. మూరెడు కూడా ఉండవు, నల్లకోటు వేసుకుని కచేరీకి పోయే గుమాస్తాల్లా వరసగా నడుస్తాయి. నిన్న పడవలో పోయి రాళ్ల మీద పడుకున్న సీల్ జంతువులను చూశాను. దగ్గరకు పోతే కుక్కల్లా మొరిగాయి.

రేపు తిరుగు ప్రయాణం కావాలి. అయితే త్వరలో తిమింగలాలు ఈ ఒడ్డు పక్కగా పోతాయని జాలరులు అంటున్నారు. ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోవడమా అని సెలవు పెంచుకున్నాను. కొండ మీద ఒక బండ ఉంది. రోజూ అక్కడ కూర్చుంటున్నాను.

మొక్కలకు నీళ్ల ఏర్పాటు అయిందనుకుంటాను.

నరసింహ


ఓర్వకల్లు
14-5-1956

నరసింహకు,

ఇది రాయడానికి కూర్చుని లేచి, మళ్లీ కూర్చున్నాను.

నీ జవాబు కోసం చూశాను. రాలేదు. వద్దనుకుంటే వెంటనే రాసి ఉండేవాడివి, రాయలేదంటే సరేనన్నట్టే అని ఏసన్న అన్నాడు. మొక్కలు చూస్తుండగానే ఎండిపోతున్నాయి. చివరికి నేనే సరేనన్నాను.

బావి మనిషి లోతు దాటింది. పోయిన మంగళవారం పొద్దున రాతికి మందు పెట్టారు. ఒక్క గుంట తప్ప మిగతావన్నీ పేలాయి. చాలాసేపు ఆగారు. ఏసన్న చూసి వస్తానని లేచాడు. నేను గట్టు మీద ఉన్నాను. ఇంకాసేపు ఆగమన్నాను. "ఎండ ఎక్కుతాండాదమ్మా. ఇంక పేలదులే" అని దిగాడు. ఆయన తల కనబడకుండా పోయాక పేలింది.

పైకి తీసేసరికే ప్రాణం లేదు. ఈరక్క కడవతో గట్టు ఎక్కుతూ ఉంది. ఆమెకు ఎదురు పోవలసింది నేను. నేను పోలేదు. సోమక్క పోయింది.

వాళ్ల పద్ధతి ప్రకారం మట్టి చేశారు. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరకు రమ్మని ఎవరూ పిలవలేదు.

ఓబులమ్మ


అడిలైడ్
6-6-1956

అక్కా,

నేను మొన్న తిరిగి వచ్చాను. నా బల్ల మీద నీ జాబులు రెండూ ఉన్నాయి. మార్చిలో రాసింది ముందు విప్పాను. చదివి, వెంటనే కాగితం తీసుకుని, బావి వద్దు, రాతికి మందు వద్దు, మొక్కలు పోతే పోనీ అని సగం పేజీ రాశాను. ఆ తర్వాత రెండోది విప్పాను.

పర్యటనలో ఊరూరూ మారుతుంటానని నా ఉత్తరాలు కాలేజీలోనే ఉంచమని చెప్పి పోయాను. అనుకున్న రోజుకు తిరిగి వచ్చి ఉంటే నా తంతి నీకు అందేది. నేను కొండ మీద కూర్చుని ఉన్నాను. తిమింగలం రాలేదు. ఒక్కటి కూడా రాలేదు అక్కా.

నువ్వు అడిగిన మూడు ప్రశ్నలకు నిరుడే జవాబు రాసి ఉంటే ఆ చేనులో ఒక్క కొమ్మ కూడా నాటేదానివి కాదు. నువ్వు నేల గురించి అడిగితే నేను నీకు కంగారూల గురించి రాశాను.

ఏసన్న నా నడుముకు బెండు కట్టి నీళ్లలోకి దించిన చెయ్యి కళ్లలోంచి పోవడం లేదు. నేను వచ్చేస్తాను. నీ జాబు కూడా సరిగ్గా అందుకోని నేను ఇక్కడ ఉండి చదివేదేమిటి? నేనైతే తవ్వొద్దనే అనేవాణ్ణి.

నరసింహ


ఓర్వకల్లు
30-7-1956

నరసింహకు,

తవ్వొద్దని అనేవాడివని రాశావు. అనలేదు గదా. తవ్వమన్నది నేను. ఆ మాట నీ జాబులో మళ్లీ మళ్లీ చదివాను. ఇది నా మీద వేసినట్టా, నీ మీద వేసుకున్నట్టా నాకు తెలియలేదు. ఎట్లయినా ఈరక్కకు ఒకటే.

చదువు పూర్తి చేసే రా. అది కూడా పాడైతే ఎవరికి ఏం ఒరుగుతుంది?

బావిలో జల పడింది. వానలు రాకముందే పై అంచుదాకా నిండింది. ఎవరూ దాని దగ్గరకు పోవడం లేదు. మొక్కలు అంతకుముందే ఎండిపోయాయి, మట్టి చేశాక ఆ పక్షం రోజులు నీళ్లు పోసేవాళ్లెవరు? పుల్లలు పీకి కుప్ప వేయించాను.

బావి కింది భూమి చెక్క ఈరక్క పేర రాస్తానని పోయి అడిగాను. ఆమె చాటలో జొన్నలు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపలేదు. "నాకెందుకమ్మా ఆ చేను. దాన్ని చూసుకుంటా ఎట్ల బతికేది" అంది. అంతే. అరవలేదు, ఏడవలేదు. ఇప్పుడు సోమక్క చేలకు పనికి పోతోంది. మా ఇంటి ముందు నుంచి పోదు, చుట్టూ తిరిగి పోతుంది.

ఓబులమ్మ


హైదరాబాదు
11-1-1957

అక్కా,

క్షేమంగా చేరాను. నవంబరులో రాజధాని మారి కచేరీలన్నీ కర్నూలు నుంచి ఇక్కడికి మారాక నా బల్ల కూడా ఇక్కడికే వచ్చింది. ఈ నగరంలో నాకు ఎవరూ తెలియదు. ఒకందుకు అదే నయం.

నీ మీద వేయలేదక్కా. నా జాబు నీకు అలా వినిపించిందని నిన్ను చూసినప్పుడే తెలిసింది. ఓడ దిగి వచ్చి మన ఊళ్లో ఉన్న మూడు రోజులూ ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. నీ తల అంత నెరిసిందని నువ్వు రాయలేదు.

చెప్పకుండా వచ్చేసినందుకు కోప్పడకు. ఆ మధ్యాహ్నం నువ్వు నన్ను సోమక్క పత్తి చేనుదాకా తీసుకుపోయి చేని గట్టున ఆగిపోయావు. నేను సాళ్లలోకి పోయాను. ఈరక్క ఒడి నిండా పత్తి పెట్టుకుని తీస్తూ ఉంది. నేను చెప్పాలనుకున్నది ఓడలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆమె ముందు నిలబడితే ఒక్కటీ రాలేదు. ఆమె నన్ను చూసి, "ఎప్పుడొస్తివప్పా" అంది. మొన్న వచ్చానన్నాను. ఇంకో కాయలో పత్తి తీసి, "ఎండ శానా ఉండాది, నీడకు పో" అంది. నేను తల వంచుకుని తిరిగి వచ్చేశాను. జరిగింది నీతో చెప్పలేక ఆ సాయంకాలమే బస్సెక్కాను.

ఇక్కడ అధికారులు నన్ను ద్రాక్ష మీద ఉపన్యాసం ఇవ్వమన్నారు. ఇచ్చాను. వానలు, నేల లోతు, ఈ రెండే గంటసేపు చెప్పాను. కంగారూలు చూశావా అని ఒకాయన అడిగాడు. చూడలేదన్నాను.

నరసింహ


ఓర్వకల్లు
2-2-1957

నరసింహకు అక్క దీవెనలు.

నువ్వు పోయిన మరునాడు ఈరక్క మా ఇంటికి వచ్చింది. వేసవి తర్వాత ఇదే మొదటిసారి. లోపలికి రాలేదు, వాకిట్లో నిలబడింది. "నరసింహప్ప ఎందుకు వచ్చినాడమ్మా చేనులోకి?" అని అడిగింది. తనను చూడడానికని చెప్పాను. ఆమె అంది:

"చూసేదానికే వచ్చుంటే నా మొగం చూసి ఒక మాట అనొచ్చు గదా. నరసింహప్పకు ఈత నేర్పినోడు గదా మా ఇంటాయన. పేరైనా ఎత్తలేదు. ఈ ఊర్లో ఎవరూ నా కాడ ఆ పేరు ఎత్తరు. నువ్వూ ఎత్తవు. చేను ఇస్తానంటివి గానీ."

ఆమె పోయింది. మా ఇంటి ముందు వీధి నుంచే పోయింది, చుట్టూ తిరగలేదు.

నేను ఇన్నాళ్లూ ఆమెకు ఏమివ్వాలా అని చూస్తూ ఉన్నాను. నువ్వు ఏం చెప్పాలా అని చూస్తూ ఉన్నావు. ఆమెకు కావలసింది ఏసన్న అన్న పేరు ఒకరు ఆమె ముందు పలకడం. నిన్న నేను పోయాను. కూర్చున్నాను. నాయన బావి తవ్వేటప్పుడు ఆయన పాడిన పాటల సంగతి మొదలుపెట్టాను, సగంలో ఆగిపోయాను. ఈరక్క నాకు నీళ్లిచ్చి, మిగతాది తను చెప్పింది.

సెలవు దొరికినప్పుడు రా. ఈసారి చేని గట్టుదాకా కూడా నేను తోడు రాను. ఈరక్క దగ్గరకు నువ్వొక్కడివే పోవాలి.

ఓబులమ్మ